బాహుకుడు ఇల్లు చేరిన తర్వాత: గల్ఫ్ వలస సాహిత్యంలో తిరిగివచ్చిన మనిషి

ప్రవేశిక

హైదరాబాదుకు దక్షిణాన ఉన్న బడంగ్‌పేట వాసులకు విమానాల చప్పుడు నిత్యానుభవం. 2008 మార్చిలో శంషాబాదులో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచి బడంగ్‌పేట, మామిడిపల్లి, తుక్కుగూడ వంటి ఊళ్ల బతుకు ఆ గడపతో ముడిపడింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల గల్ఫ్ కార్మికులకు కూడా అదే గడప. ఆ గడప దాటి వెనుకకు వచ్చేవారు ముఖ్యంగా మూడు విధాలు. సెలవు మీద సామానుతో వచ్చేవారు మొదటివారు. శవపేటికలో వచ్చేవారు చివరివారు. ఈ ఇరువురి నడుమ, పాస్‌పోర్టుకు బదులు ఔట్‌పాస్ కాగితం పట్టుకొని ఖాళీ చేతులతో దిగేవారు ఉన్నారు. తెలుగులో గల్ఫ్ వలసపై వచ్చిన పాట, కథ, నవల, చలనచిత్రం మొదటివారినీ చివరివారినీ విరివిగా చిత్రించాయి. నడిమివారిని మాత్రం విమానాశ్రయపు తలుపు దగ్గరే విడిచిపెట్టాయి. ఈ లోపం కేవలం వస్తువుకు సంబంధించినది కాదనీ, కథానిర్మాణానికి సంబంధించినదనీ, దానిని సవరించుకోవడానికి కావలసిన నమూనా మన ప్రాచీన కావ్యాల్లోనే ఉన్నదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిరిగిరాక అనే మాట

శరణార్థి దరఖాస్తు తిరస్కృతమైన వ్యక్తిని స్వదేశానికి పంపి, అక్కడ తిరిగి స్థిరపరచడం నేడు ప్రపంచవ్యాప్తంగా చర్చలో ఉన్న అంశం. తెలుగు అనుభవంలో దీనికి సమీపమైన స్థితి గల్ఫ్ కార్మికుడిది. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలూ 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. కనుక అక్కడ చట్టబద్ధత కోల్పోయిన కార్మికుడికి శరణు కోరే దారి ఉండదు. కఫీలు దగ్గరి నుంచి పారిపోయినవాడు, అకామా గడువు తీరినవాడు, విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడు అందరూ ‘కల్లివెల్లి’ అనే ఒక్క మాట కిందికి వస్తారు. కువైట్ 2018 జనవరిలోనూ, మళ్లీ 2020 ఏప్రిల్‌లోనూ, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2018 ఆగస్టులోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇటువంటివారు పెద్ద సంఖ్యలో స్వస్థలాలకు చేరారు.

భారతదేశం కూడా ఆ ఒప్పందంలో లేదు. బడంగ్‌పేటకు పొరుగునే ఉన్న బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకుంటున్న రోహింగ్యా కుటుంబాలకు తిరిగి వెళ్లడానికి దేశమే తమదిగా మిగలలేదు. ఒకే విమానాశ్రయపు నీడలో ఇల్లు ఉండీ అందులో ఇమడలేనివారూ, ఇల్లే లేనివారూ పక్కపక్కన జీవిస్తున్నారు. ‘తిరిగిరాక’ అనే మాటను సుఖాంతానికి పర్యాయపదంగా వాడేముందు విమర్శకుడు ఈ ఇరుగుపొరుగును గమనించవలసి ఉంటుంది.

విమానం దగ్గర ఆగే కథ

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అనే నానుడి తెలంగాణ వలస చరిత్రను మూడు మాటల్లో చెబుతుంది. అయితే ఈ మూడూ పోయే దిక్కులే. ఇందులో వచ్చే దిక్కు లేదు. గల్ఫ్ పాటల సాధారణ స్వరూపం కూడా ఇటువంటిదే. ఎడారిలోని కొడుకు తల్లిని తలచుకోవడం, ఊళ్లోని భార్య ఎదురుచూడడం, చివరకు పెట్టె రావడం వాటిలో తరచుగా కనిపించే ఘట్టాలు. పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవలతో ఉత్తర తెలంగాణ గల్ఫ్ జీవితం తెలుగు నవలకు ప్రధాన వస్తువైంది. పి. సునీల్ కుమార్ రెడ్డి దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘గల్ఫ్’ చలనచిత్రం ఆ వస్తువును వెండితెరకు తెచ్చింది. ఈ కృషి విలువ తక్కువది కాదు. దళారి మోసం, శ్రమ దోపిడీ, ఎడారి ఒంటరితనం సాహిత్యంలో సాక్ష్యంగా నిలిచింది ఇటువంటి రచనల వల్లనే. కాని సాక్ష్యం ఎడారిని గురించినది. ఎడారి నుంచి వచ్చినవాడి పదేళ్ల తర్వాతి జీవితాన్ని గురించినది కాదు.

ఇది తెలుగుకే పరిమితమైన లక్షణం కాదు. మలయాళంలో బెన్యామిన్ 2008లో ప్రచురించిన ‘ఆడుజీవితం’ నవలలో కథానాయకుడు నజీబ్ బానిస బతుకు నుంచి తప్పించుకొని, అధికారుల చేత స్వదేశానికి పంపబడే క్షణంతో కథ ముగుస్తుంది. పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ ఊపిరి విమానం ఎక్కినందుకే. అతడు ఇంట్లో మొదటి రాత్రి ఎట్లా నిద్రించాడో, అప్పు ఎట్లా తీర్చాడో, మేకలను చూసినప్పుడు ఏమయ్యాడో నవల పరిధిలోకి రాలేదు. 2015 నాటి ‘పత్తేమారి’ చలనచిత్రం ఒక అడుగు ముందుకు వేసింది. ఇంటికి వచ్చినవాడు కుటుంబపు అవసరాల కోసం మళ్లీ గల్ఫ్ దారి పట్టక తప్పని స్థితిని అది చూపింది. తెలంగాణ పల్లెల్లో తిరిగివచ్చిన మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘మళ్ల ఎప్పుడు పోతవు?’ అన్నది. ఈ ప్రశ్నలో శత్రుత్వం లేదు. అయినా సొంత ఇంట్లో మనిషిని అతిథిగా మార్చే శక్తి దీనికి ఉంది. ఈ ఒక్క ప్రశ్న ఒక నవలకు సరిపడే వస్తువు.

నలోపాఖ్యానం: ఒక పునఃపఠనం

ఆంధ్రమహాభారతంలో నన్నయ రచించిన అరణ్యపర్వ భాగంలోని నలోపాఖ్యానాన్ని ఈ దృష్టితో చదివినప్పుడు దాని నిర్మాణం కొత్తగా కనిపిస్తుంది. జూదంలో సర్వం కోల్పోయి, భార్యను అడవిలో విడిచి, కర్కోటకుని కాటుతో రూపం మారిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్య చేరి ఋతుపర్ణుని కొలువులో కుదురుకుంటాడు. అక్కడ అతని పనులు రెండు: రథం తోలడం, వంట చేయడం. డ్రైవరు పని, వంటపని నేటికీ గల్ఫ్‌లో మనవారు చేసే ప్రధాన వృత్తుల్లో ఉన్నాయి. పేరు మారడం, రూపం మారడం, సొంత గుర్తింపు దాచుకొని యజమాని దయ మీద బతకడం కల్లివెల్లి కార్మికుడికి అపరిచితమైనవి కావు.

ఈ ఉపాఖ్యానంలోని ప్రత్యేకత, బాహుకుడు కుండినపురం చేరగానే కథ ముగియకపోవడం. అసలు కథ అక్కడి నుంచే చిక్కనవుతుంది. అందులో మూడు దశలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది గుర్తింపు. దమయంతి ముందుగా కేశినిని పంపి బాహుకుని నడవడిని పరిశీలింపజేస్తుంది. అతడు వండిన మాంసాన్ని తెప్పించి రుచి చూస్తుంది. పిల్లలను అతని ముందుకు పంపుతుంది. రూపం సాక్ష్యం చెప్పలేనప్పుడు చేతివంట, కంటినీరు సాక్ష్యం చెబుతాయి. తిరిగివచ్చినవానిని ఇల్లు వెంటనే గుర్తించదనీ, గుర్తింపుకు కాలం, పరీక్ష, ఓర్పు కావాలనీ కవి ఎరుగును. దుబాయి జైలులో సుమారు 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు 2024 ఫిబ్రవరిలో శంషాబాదులో దిగినప్పుడు పత్రికలు ఆ కలయికను కన్నీళ్ల దృశ్యంగా చిత్రించాయి. పద్దెనిమిదేళ్లంటే పొత్తిళ్లలోని బిడ్డ ఓటు హక్కు పొందే కాలం. ఆ బిడ్డకు తండ్రి ఛాయాచిత్రంలోని మనిషి మాత్రమే. ఆ కన్నీళ్ల తర్వాతి నెలలను పట్టుకోగల ప్రక్రియ వార్త కాదు, సాహిత్యం.

రెండవది విద్య. కుండినపురానికి వచ్చే దారిలో తాండ్రచెట్టు దగ్గర ఋతుపర్ణుడు నలునికి అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. దానికి ప్రతిగా నలుడు అశ్వహృదయాన్ని ఇస్తానంటాడు. ఆ విద్య అందిన క్షణంలోనే కలి అతని శరీరాన్ని విడిచిపోతాడు. అంటే పరాయి కొలువులో గడిపిన కాలం వృథా కాలేదు. అక్కడ నేర్చినదే అతనికి విముక్తి మార్గమయింది. గల్ఫ్‌లో పదేళ్లు ఎత్తైన భవనాలకు షట్టరింగ్ పని చేసినవాడు, పైపుల వెల్డింగ్ నేర్చినవాడు ఊరికి వచ్చాక ఆ నేర్పుకు తగిన పని గాని, దానిని రుజువు చేసే పత్రం గాని లేక తిరిగి కూలీగానే మిగలడం తరచుగా జరుగుతున్నది. కోవిడ్ కాలంలో, 2020 మే నెలలో, కేంద్ర ప్రభుత్వం ‘స్వదేస్’ పేరుతో తిరిగివచ్చినవారి నైపుణ్యాలను నమోదు చేయడం ఆరంభించింది. నమోదు గుర్తింపులో మొదటి మెట్టు మాత్రమే. మన గల్ఫ్ రచనల్లో కార్మికుని బాధ కనిపించినంతగా అతని పనితనం కనిపించకపోవడం ఈ సందర్భంలో ఆలోచించదగిన విషయం. కరుణకు పాత్రుడైనవానికి సానుభూతి లభిస్తుంది. పని తెలిసినవానికి గౌరవం లభిస్తుంది.

మూడవది జీవిక. నలుడు దమయంతిని చేరిన పిమ్మట అత్తవారింట ఉండిపోలేదు. ఒక నెల గడిచాక కొద్దిపాటి పరివారంతో నిషధకు వెళ్లి, తాను కోల్పోయినదానిని పుష్కరుని నుంచి తిరిగి గెలుచుకున్నాడు. నేర్చిన అక్షవిద్య అక్కడ పనికి వచ్చింది. ఈ మూడు దశల్లో ఏ ఒక్కటి లోపించినా అది తిరిగిరాక అనిపించుకోదు.

రాజైన నలునికీ కూలికి వెళ్లిన రైతుబిడ్డకూ సామ్యమేమిటన్న ఆక్షేపణ రావచ్చు. అది సమంజసమైన ఆక్షేపణే. నలుని దుఃఖానికి కలి కారణం. కార్మికుని దుఃఖానికి వీసా కోసం చేసిన అప్పు, ఎండిన బోరు, మూతపడిన మగ్గం కారణాలు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో విలపించిన వృత్తుల విధ్వంసం తిరిగివచ్చినవాని ముందు కూడా అట్లాగే నిలిచి ఉంటుంది. నలునికి గెలుచుకోవడానికి నిషధ మిగిలి ఉన్నది. వెళ్లేనాటి ఊరు కార్మికునికి మిగిలి ఉండదు. అందువల్ల ఈ పోలిక అంతస్తులకు సంబంధించినది కాదు, కథ ఎక్కడ ముగియాలన్న వివేకానికి సంబంధించినది. బృహదశ్వుడు ఈ కథను వినిపించినది అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజుకు. విన్నవానికి అక్షహృదయాన్ని కూడా ఉపదేశించాడు. ప్రవాసంలో ఉన్నవానికి ఓదార్పుతో పాటు తిరుగుదారికి పనికివచ్చే విద్యను కూడా ఇవ్వడం ఆ కథనపు ధర్మం.

దమయంతి, సీత

నలోపాఖ్యానంలో తిరిగిరాకను సాధించినది దమయంతి. బ్రాహ్మణులను దేశదేశాలకు పంపి, నలునికి మాత్రమే అర్థమయ్యే ప్రశ్నను వారి చేత అడిగించి, రెండవ స్వయంవరమన్న ఉపాయంతో అతన్ని రప్పించినది ఆమే. గల్ఫ్ పాటలోని భార్య ఎక్కువగా ఎదురుచూపుకే పరిమితమైంది. వాస్తవంలో ఆమె వడ్డీ కట్టింది, పొలం చూసింది, మహిళా సంఘంలో అప్పు తెచ్చింది, పిల్లల చదువు నడిపింది. భర్త తిరిగివచ్చిన రోజున ఆమె సంపాదించుకున్న నిర్ణయాధికారం ఏమవుతుంది? తిరిగి ఇమడడం వచ్చినవాడి ఒక్కడి సమస్య కాదు, ఉన్నవారి సమస్య కూడా.

వెళ్లినది స్త్రీ అయినప్పుడు కథ మరింత కఠినమవుతుంది. కడప, ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపని కోసం కువైట్ వెళ్లారు. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. తిరిగివచ్చాక ఎదురయ్యే చూపులకు మాత్రం ఏ వయోపరిమితీ రక్ష కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలోనూ, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణంలోనూ సీత అయోధ్యకు తిరిగి రావడం కథకు ముగింపు కాలేదు. పరాయి చోట ఉన్నదన్న లోకాపవాదం ఆమెను మళ్లీ అడవికి పంపింది. పట్టాభిషేకంతో కథ ముగించడం సులభమని తెలిసీ ఈ కవులు ఉత్తరకథను చేపట్టారు. గల్ఫ్ వలసకు ఉత్తరకాండ ఇంకా రాయవలసి ఉంది.

శవానికి ఉన్న విలువ

సాహిత్యపు ఈ మౌనానికీ విధానాల తీరుకూ సంబంధం కనిపిస్తుంది. 2012లో కేంద్రం ప్రారంభించిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజనలో తిరిగివచ్చాక స్థిరపడడానికి పొదుపు అనే అంశం ఉండేది. 2017లో ఆ పథకమే నిలిచిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఇది ఎన్నో ఏళ్ల పోరాట ఫలితం, అవసరమైనది. కేరళలో 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఆ శాఖ తిరిగివచ్చినవారు స్వయం ఉపాధి చేపట్టేందుకు మూలధన రాయితీ పథకాన్ని నడుపుతున్నది. తెలంగాణలో చనిపోయి వచ్చినవానికి దక్కిన స్పష్టమైన గుర్తింపు బతికి వచ్చినవానికి ఇంకా దక్కలేదు. శవపేటికను గురించిన పాటలు, కథలు ఆ దుఃఖాన్ని అందరికీ కనిపించేటట్లు చేశాయి. కనిపించిన దుఃఖానికి ప్రభుత్వం స్పందించింది. అప్పుతో, సిగ్గుతో, చేతిలోని నేర్పుతో ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి ఇంకా కనిపించలేదు. అతన్ని చూపించడం సాహిత్యం చేయగల పని.

ముగింపు

తెలుగు గల్ఫ్ సాహిత్యం వలస క్రౌర్యాన్ని నమోదు చేయడంలో కృతకృత్యమైంది. విమానాశ్రయాన్ని కథకు చివరి దృశ్యంగా భావించడం దాని పరిమితి. నలోపాఖ్యానం, ఉత్తర రామాయణాలు ఆ దృశ్యాన్ని దాటి గుర్తింపు, విద్య, జీవిక, లోకాపవాదం అనే అంశాల వైపు కథను నడిపించాయి. ఈ నాలుగింటినీ ప్రమాణాలుగా గ్రహించి గల్ఫ్ రచనలను తిరిగి పరిశీలించడం పరిశోధకుల ముందున్న కర్తవ్యం. తిరిగివచ్చినవారి మౌఖిక కథనాలను జిల్లాలవారీగా సేకరించే పనిని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టవచ్చు. అట్లా సేకరించేటప్పుడు ‘అక్కడ ఏం జరిగింది?’ అని అడిగి ఊరుకోకుండా, ‘వచ్చాక ఏం జరిగింది?’ అని కూడా అడగవలసి ఉంటుంది. బాహుకుడు వండిన వంటను దమయంతి రుచి చూసినట్లుగా, తిరిగివచ్చినవాని చేతిపనిని చూసి అతన్ని గుర్తుపట్టే సాహిత్యం ఆ రెండవ ప్రశ్న నుంచి మొదలవుతుంది.