తాడు ఎక్కడ దిగుతుంది?

యాంగోన్ పాత వీధుల్లో తలెత్తి చూస్తే తాళ్లు కనిపిస్తాయి. నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు బాల్కనీల నుంచి కింద దాకా వేలాడుతుంటాయి. కొసన ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరబ్బాయి తాడు లాగితే ఇంట్లో గంట మోగుతుంది. క్లిప్పుకు పేపరు తగిలిస్తే పైవాళ్లు చేదుకుంటారు. లిఫ్టులేని మేడల్లో మెట్లు దిగే పని తప్పుతుంది.

ఆ తాడు విలువ నాకు తెలిసింది ఒక ఆర్కిటెక్టు చేతిలోని రబ్బరు వల్ల. మూడు వారాలు ఒక చిన్న ఆఫీసులో, ఆమె బల్ల పక్కనే కూర్చున్నాను. అందరూ ఆమెను ‘సయామ’ అంటారు, అంటే పంతులమ్మ. కింద అంగడి, పైన ఇళ్లున్న ఒక పాత మేడను బాగుచేసే పని అది. ట్రేసింగ్ కాగితం మీద అంగడి ముందుకు పొడవాటి సన్‌షేడ్ గీసింది. కాసేపు చూసింది. పై బాల్కనీ దగ్గర పెన్సిల్ ఆనించి నిటారుగా కిందికి ఒక గీత లాగింది. గీత సన్‌షేడ్ దగ్గర ఆగిపోయింది. రబ్బరు తీసుకుని ఆ సన్‌షేడ్‌ను సగానికి తగ్గించేసింది. ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత ఎందుకు తగ్గించారని అడిగితే “వెలుతురు కోసం” అంది. అదీ నిజమే. తాడు మాట మాత్రం రాలేదు. దాచిందని కాదు, చేతికి తెలిసినవన్నీ నోటికి రావు. అందుకే ఇంటర్వ్యూ ఒక్కటే నమ్ముకుంటే డిజైన్ మనకు అందదని నా నమ్మకం. ఎథ్నోగ్రఫీ అడిగేది ఓపికే: పక్కన కూర్చో, చూడు, రాసుకో.

పరిశోధకురాలు ఆల్బెనా యానెవా రాటర్‌డామ్‌లో ఆర్కిటెక్టు రెమ్ కూల్హాస్ ఆఫీసు ఓఎంఏలో అలాగే కూర్చుంది. గొప్ప ఆర్కిటెక్టు తలలో మెరుపు మెరిసి భవనం పుడుతుందన్న కథ ఆమెకు అక్కడ కనిపించలేదు. నురుగుపలకను కోసి నమూనా చేయడం, లోపలికి తొంగిచూడడం, మళ్లీ కోయడం, పక్కన పడేసిన పాత నమూనాను తిరిగి తీసుకోవడం కనిపించాయి. న్యూయార్క్ విట్నీ మ్యూజియం విస్తరణ నమూనాల గురించి ఆమె ఎంతో రాసింది. ఆ భవనం కట్టనేలేదు. అయినా ఆ పని ఎలా సాగిందో మనకు తెలుసు.

యాంగోన్‌లో దీనికి తలకిందులు. 1936లో పూర్తయిన సిటీ హాల్ కళ్లెదుటే నిలబడి ఉంది. తెల్లదొరల పద్ధతి ప్లాను మీదికి ఆర్కిటెక్టు ఊ టిన్ బర్మా ‘ప్యట్టట్’ కప్పులు, అంటే అంతస్తులుగా లేచే కప్పులు, తెచ్చాడని చదువుతాం. ఆ కప్పు మొదటి గీత ఎలా పడిందో, ఎవరు కాదన్నారో చూసి రాసుకున్నవారి మాట నాకెక్కడా దొరకలేదు.

మనవాళ్ల సంగతి మరీ బాధ. కోరంగి రేవు నుంచి ఓడెక్కి ‘రంగం’, అంటే ఈ యాంగోన్, చేరిన తెలుగువాళ్లను ఇక్కడ ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనగణన నాటికి ఈ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బరువులు మోసినవాళ్లు 1930 మే నెలలో కూలి కోసం సమ్మె కడితే, అది చివరికి అల్లర్లయి వాళ్ల ప్రాణాల మీదికే వచ్చింది. ఇక్కడి సెక్రటేరియట్ భవనానికి ప్లాను గీసిన హోయ్న్ ఫాక్స్ పేరు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాని ఎర్ర ఇటుక పేర్చిన చేతులకు ఏం తెలుసో అడిగినవాళ్లు లేరు. ఆ గోడల పక్కన నడిచినప్పుడల్లా ఇదే నా గుండెల్లో కలుక్కుమంటుంది.

చివరి శుక్రవారం నా నోటుపుస్తకంలోని ఆ పేజీ సయామకు చదివి వినిపించాను. “ఆ గీత నేనే గీశానా?” అంటూ ట్రేసింగ్ కాగితాల కట్ట విప్పి వెతికింది. రబ్బరు తుడిచిన చోట సన్నటి జాడ ఇంకా ఉంది. దాన్ని వేలితో తడిమి, “సోమవారం మేస్త్రీ వస్తాడు. ఈసారి ఆయన పక్కన కూర్చోండి” అంది.

ఆదివారం టికెట్టు మార్చుకున్నాను.