జీతానికి కట్టే చీర

మంగళగిరి నూలు చీర ఒకటి 1,200 రూపాయలకి కొన్నామనుకుందాం. షాపులో బిల్లు అంతే. ఇంటికి తెచ్చాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఫాల్, జిగ్‌జాగ్ కలిపి 120. జాకెట్టుకి లైనింగ్ గుడ్డ 100. మగ్గం పనీ పూసలూ ఏమీ లేని ఉత్త రోజువారీ జాకెట్టుకి మా వీధిలో కుట్టుకూలి 500. రంగు కలిసే లోపలి లంగా 250. ఒంటిమీదికి వచ్చేసరికి ఆ చీర 2,170 అయింది. వారానికోసారి కడితే, సెలవులు పోను ఏడాదికి నలభైసార్లు ఇస్త్రీకి వెళుతుంది. ఒక్కోసారికి 20 చొప్పున 800. మూడేళ్ళకి 2,400. చీర, జాకెట్టు, లంగా అన్నిటికీ కలిపి పెట్టినదానికంటే ఇస్త్రీ బండికి ఇచ్చిందే ఎక్కువ.

ఈ లెక్క సాధారణంగా ఏ ఇంట్లోనూ ఎవరూ వేయరు. వేయబోతే ‘మీ ఆడవాళ్ళ చీరల పిచ్చికి లెక్కలు కూడానా’ అని నవ్వేస్తారు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఆడవాళ్ళు చీరే కట్టాలి. ఎక్కడా రాసి ఉండదు. చుడీదార్‌లో వచ్చిన కొత్త లెక్చరర్‌ని వెనక్కి పంపిన కథ మాత్రం ఉద్యోగంలో చేరిన రోజే ఎవరో ఒకరు చెవిన వేస్తారు. వారానికి ఆరు రోజులు. అంటే ఆరు చీరలు, ఆరు జాకెట్లు, ఆరు ఇస్త్రీలు. ఉద్యోగం కోసం కట్టేదాన్ని ఇంటి లెక్కల పుస్తకంలో ‘అమ్మ బట్టలు’ అని, పిల్లల ఐస్‌క్రీముల పక్క గడిలో రాస్తాం. మా ఆయన స్కూటర్ పెట్రోలు ఆ గడిలో ఉండదు. అది ‘ఆఫీసు ఖర్చు’.

నూలు చీర నిలబడాలంటే గంజి కావాలి. మా అమ్మ కాలంలో గంజికి ఖర్చు లేదు. అన్నం గిన్నెలో వండి వార్చేవాళ్ళు కాబట్టి రోజూ పొయ్యి పక్కనే ఉండేది. కుక్కరు వచ్చింది, వార్చడం పోయింది, దాంతో గంజీ పోయింది. ఇప్పుడు చీరకి పెట్టాలంటే సగ్గుబియ్యం పనిగట్టుకుని ఉడికించాలి, లేదా రివైవ్ గంజిపొడి పాకెట్టు కొనాలి. కుక్కరు పొయ్యి దగ్గర మిగిల్చిన పావుగంటని బకెట్టు దగ్గర వసూలు చేసుకుంది.

గంజి పెట్టడం నాకు ఇష్టమైన పని, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. కొత్త చీరయితే ముందు కల్లుప్పు వేసిన నీళ్ళలో విడిగా నానబెట్టి రంగు సంగతి చూసుకోవాలి. గంజి చిక్కగా ఉంటే చీర అట్టలా బిగుసుకుపోతుంది. పలచన చేసి, పల్చటి గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే ముదురు రంగు మీద తెల్లటి మరకలు తేలతాయి. పొడి చీరని తిన్నగా గంజిలో ముంచితే ఒకచోట పీల్చుకుని ఇంకోచోట వదిలేస్తుంది. ముందు మామూలు నీళ్ళలో తడిపి పిండి, అప్పుడు ముంచాలి. అంచులు రెండు చేతులా లాగి, నీడలో ఆరేయాలి. అయిదున్నర మీటర్ల చీరని అపార్టుమెంటు బాల్కనీలో మడతలు వేయకుండా ఆరేయడం కుదరదు. మడతల మధ్య తడి నిలిచిపోతుంది. వానాకాలమయితే పులిసిన వాసన కూడా వేస్తుంది. కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ పడాలి. పూర్తిగా ఎండాక నీళ్ళు చిలకరించి చేసినా ఆ నిగ్గు రాదు. ఇదంతా సరిగ్గా కుదిరిన చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు చెప్పినమాట వింటాయి. బోర్డు వైపు తిరిగినా, బెంచీల మధ్య నడిచినా సర్దుకోనక్కర్లేదు. సాయంత్రానికి నలిగినా ఆ నలగడంలోనూ ఒక హుందా ఉంటుంది.

అయితే ఇంత పని చేయడానికి ఆదివారం పొద్దున్న ఒక పూట ఖాళీగా ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఆదివారం పొద్దున్న ఎవరికి ఖాళీ? కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పనికి చేయి కలిపే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. గంజి ఆ 289లోంచే రావాలి.

అందుకే మే నెల ఎండలో బెజవాడ సిటీ బస్సు ఎక్కి చూడండి. ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళలో ఎంతోమంది ఒంటిమీద నూలు ఉండదు. జార్జెట్టో, క్రేపో, పేరేదైనా పాలియెస్టరే. చెమటకి వీపంతా అంటుకుపోతుంటుంది. నూలు సుఖం తెలియక కాదు. రాత్రి ఉతికి దండెం మీద పడేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది, ఇస్త్రీ అడగదు, పిల్లాడు పాలగ్లాసు ఒంపినా తుడిస్తే పోతుంది. వాళ్ళు ఎంచుకున్నది పొద్దుటిపూట దాంతో మిగిలే అరగంటని. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక (తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి) ఛార్జీ మిగిలింది, నిజమే. ఆ రద్దీలో గంజి చీర కట్టుకుని నిలబడి కాలేజీకి చేరితే మాత్రం కుచ్చిళ్ళ పని అయిపోయినట్టే.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ముందురోజు మా వాట్సాప్ గ్రూపులో ‘లేడీ స్టాఫ్ అందరూ తప్పనిసరిగా చేనేత చీరల్లో రావలెను’ అని వస్తుంది. వస్తాం. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. మగ లెక్చరర్లు టెరీకాటన్ ప్యాంట్లలో వెనక వరసలో నిలబడి, దేశభక్తి మాకు వదిలేసి నవ్వుతుంటారు.

పిల్ల పుట్టాక బట్టల కష్టం రూపం మారుతుంది. మా వైపు టైలరమ్మకి జాకెట్టు గుడ్డ ఇస్తూ ఎవరైనా చెప్పే మొదటి మాట ‘లోపల గుడ్డ వదిలి కుట్టండి’. పక్కల్లో రెండు మూడు వరసల కుట్లు వేయించుకోవడం ఒళ్ళు వచ్చినా తగ్గినా పనికొస్తుందనే. 2017లో చట్టం మార్చి మొదటి ఇద్దరు పిల్లలకీ ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. ఆర్నెల్ల తర్వాత వెళ్ళేటప్పటికి ఏ జాకెట్టూ పట్టదు. లోపలి కుట్లన్నీ విప్పాలి. విప్పినచోట వెలవని అసలు రంగు గీతగా బయటపడుతుంది. కొత్తవి కుట్టిద్దామంటే ఆరు జాకెట్లకి మూడు వేలు, అదీ ఏడాది తర్వాత వదులైపోయే జాకెట్లకి! కాబట్టి రంగు తేడా పవిట కింద దాగుతుందిలే అనుకుంటాం.

లేతరంగు చీరలన్నీ ఆ ఏడాది బీరువాలోనే ఉంటాయి. ముదురు రంగు మీద గజిబిజి అచ్చులున్నవే కడతాం. పాలతడి కనబడకూడదు కదా. పదిహేను నెలలు నిండేదాకా బిడ్డకి పాలివ్వడానికి మామూలు విరామం కాక రోజుకి మరో రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే పెట్టారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి రావచ్చనీ 2017లో చేర్చారు. నాకు దొరికింది స్టాఫ్‌రూములో బీరువా వెనక ఒక కుర్చీ. ముందు హుక్కులున్న జాకెట్టు, చాటుకి పవిట ఉండబట్టి నెట్టుకొచ్చాను. చీరని ఎన్ని తిట్టినా ఆ ఏడాది అది చేసిన ఉపకారం మరిచిపోలేను. చుడీదార్ వేసుకునే బ్యాంకు స్నేహితురాలు జిప్పున్న ఫీడింగ్ కుర్తీలు ప్రత్యేకంగా కొనుక్కోవాల్సి వచ్చింది.

డబ్బు సంగతి. లంచ్ టైములో స్టాఫ్‌రూముకి మూట పట్టుకుని వచ్చే ఆవిడ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. చీరలు టేబుల్ మీద పరుస్తుంది, చిన్న నోటుబుక్కులో పేరు రాసుకుంటుంది, మూడు వాయిదాల్లో ఇమ్మంటుంది. షాపు ధరకంటే వందో రెండొందలో ఎక్కువని అందరికీ తెలుసు. అయినా కొంటాం. పిల్లల ఫీజు కట్టిన నెలలో చేతిలో 1,200 ఉండవు, 400 ఉంటాయి. బజారుకి వెళ్ళడానికి సాయంత్రమూ ఉండదు. ఇంత చవగ్గా, పూచీకత్తు లేకుండా మా జీతాలకి అప్పిచ్చేవాళ్ళు మరొకరు లేరు. ఆవిడా పిల్లల తల్లే, మా వాయిదాలు ఆలస్యమైతే ఆవిడ ఇంట్లో ఫీజు ఆగుతుంది. పేరంటాల్లో తాంబూలంతో వచ్చే జాకెట్టు ముక్కలు ఈ ఖర్చు తగ్గిస్తాయేమో అనుకోకండి. ఆ ముక్క ఏ చీరకీ కలవదు, ఒక్కోసారి కొలతా చాలదు. వచ్చే శ్రావణంలో ఇంకొకరి తాంబూలంలోకి వెళ్ళడానికే అది పుట్టింది.

బట్ట కూడా ఉద్యోగపు ఖర్చేనని ప్రభుత్వానికి తెలియకపోలేదు. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో కేంద్రం యూనిఫాం అలవెన్సు, బట్టలుతికే అలవెన్సు వంటివన్నీ కలిపి డ్రెస్ అలవెన్సు చేసింది. అప్పట్లో ఉద్యోగాన్నిబట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 దాకా. మోటారు వాహనాల నిబంధనలు (1989) బండి వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పాలంటాయి. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కకుండా ఆ ఏర్పాటు. షోరూములో దాన్ని చీర గార్డు అనే అంటారు. చక్రం దగ్గర చీరని పట్టించుకున్నారు కానీ జీతం దగ్గర మాత్రం ‘యూనిఫాం’ అని పేరు పెట్టనంతవరకూ అది మా సొంత గోలే. ఆదాయప్పన్నులో స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, కొత్త విధానంలో 75,000. చీరకీ చొక్కాకీ అందులో తేడా లేదు. పన్ను కట్టేంత జీతం రాని ప్రైవేటు స్కూలు టీచరుకి దాంతో ఒరిగేదీ లేదు.

ఇంట్లో లెక్క మారడానికి మా అత్తగారు కారణం. నెలాఖరున పుస్తకం ముందేసుకుని, ఇస్త్రీ డబ్బులు ఏ గడిలో రాయాలో నేనూ మా ఆయనా వాదించుకుంటున్నాం. చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆవిడ తల ఎత్తకుండానే అంది: “మీ నాన్నగారు బడికి కట్టుకెళ్ళే పంచెలకి చాకలి పద్దు నెలనెలా ఇంటి ఖర్చులోనే రాసేవాళ్ళంరా. ఆయన సరదా అని ఎవరూ అనలేదు.”

ఆ నెల నుంచి ఇస్త్రీ, గంజిపొడి, ఫాల్, రోజువారీ జాకెట్ల కుట్టుకూలి పెట్రోలు పక్క గడిలోకి వెళ్ళాయి. పట్టుచీరల జాకెట్ల మీద మాత్రం చర్చ తెగలేదు. పెళ్ళికి కుట్టించుకున్న మగ్గం జాకెట్టు ఆఫీసు ఖర్చు ఎలా అవుతుందని ఆయన అడుగుతున్నాడు. ఆ పెళ్ళి ఎవరివైపు చుట్టాలదో చూసి రాద్దామని నేను.