నాదానికి ప్రతులు: దిగువ కృష్ణా డెల్టాలో శాస్త్రీయ సంగీత గ్రామఫోను రికార్డుల అన్వేషణ – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనలో తాళపత్ర ప్రతికి ఒక మర్యాద ఉంది. ప్రతి ఎక్కడ దొరికింది, లేఖకుడెవరు, ఏ ఆకులు లోపించాయి, ఇతర ప్రతులతో పాఠభేదాలేమిటి అన్న ప్రశ్నలను దాటవేసి ఏ పరిష్కర్తా ముందుకు సాగడు. సంగీతాన్ని చర్చించే పరిశోధన వ్యాసాలలో గ్రామఫోను రికార్డుకు ఆ మర్యాద దక్కడం లేదు. ఫలానా విద్వాంసుడు ఫలానా కృతిని ఇలా పాడారన్న నిర్ధారణ కనిపిస్తుంది. అది ఏ కంపెనీ రికార్డు, దాని సంఖ్య ఏమిటి, విన్నది అసలు రికార్డునా లేక నకలుకు నకలునా అన్న వివరం కనిపించదు. ఆధారం చూపని తీర్పు సాహిత్యంలో చెల్లనప్పుడు సంగీతంలో మాత్రం ఎందుకు చెల్లాలి?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు ఈ ప్రశ్నను పరీక్షించడానికి తగిన క్షేత్రం. సంగీత చరిత్రలో ఈ నేల పేరు పెద్దది. వినడానికి మిగిలిన ఆధారం మాత్రం ఆ పేరుకు తగినంత లేదు. ఈ అంతరాన్ని గుర్తించడం, దొరికిన కొద్ది రికార్డులనైనా ప్రతులుగా చదివే పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

పరంపర: పేరు ఉన్నచోట నాదం

దివిసీమలోని పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి త్యాగరాజ శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య వద్ద సంగీతం అభ్యసించారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). త్యాగరాజు నుంచి నాలుగు అంగల్లో ఆధునిక కాలానికి చేరే ఈ పరంపరను ప్రతి వ్యాసమూ ఉటంకిస్తుంది.

అయితే వంశవృక్షం వేరు, నాదసాక్ష్యం వేరు. భారతదేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. విద్యుత్ మైక్రోఫోను వినియోగంలోకి వచ్చినది 1925 తర్వాతే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైంది. పంతులుగారు 1951లో కన్నుమూశారు. అంటే తన ప్రాంతపు రేడియో కేంద్రంతో ఆయన జీవితకాలం మూడేళ్ళైనా కలిసి నడవలేదు. ఆనాటి ప్రసారాలు ప్రధానంగా ప్రత్యక్ష ప్రసారాలు. గాలిలోకి వెళ్ళిన గానం గాలిలోనే కలిసిపోయేది.

ఈ లోటును పూరించడానికి పరిశోధకులు సాధారణంగా ఎంచుకునే మార్గం శిష్యుని రికార్డును గురువు పాఠంగా చదవడం. బాలమురళీకృష్ణ రికార్డులు విస్తారంగా లభిస్తాయి కనుక ఈ మార్గం సులువైనదే గాని నమ్మదగినది కాదు. కొత్త రాగాలను కల్పించి, తిల్లానాలను, వర్ణాలను స్వయంగా రచించి, గాన ఫణితిని తన గాత్రధర్మానికి అనుగుణంగా మలచుకున్న వాగ్గేయకారుడాయన. ఆయన గానంలో గురువు నుంచి వచ్చినదెంత, స్వీయ ప్రతిభ ఎంత అన్నది తేల్చాలంటే పంతులుగారి ఇతర శిష్యుల గాన వాదనాలతో పోల్చి చూడాలి. ఒకే ప్రతిని ఆధారం చేసుకుని మూలపాఠాన్ని నిర్ణయించడం సాహిత్య పరిష్కరణలో ఎంత దోషమో ఇక్కడా అంతే దోషం.

మూడు నిమిషాల పదం

పది అంగుళాల 78 వేగపు రికార్డులో ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కాస్త మించి పట్టదు. ఈ కొలత కృష్ణా తీరపు సంగీతాన్ని ఎలా తాకిందో చూడడానికి క్షేత్రయ్య పదమే చక్కని ఉదాహరణ. సంప్రదాయం క్షేత్రయ్యను కూచిపూడి సమీపంలోని మొవ్వకు చెందినవాడిగా చెబుతుంది. మువ్వగోపాల ముద్ర ఆ ఊరి దేవుణ్ణి తలపిస్తుంది. పల్లవి, అనుపల్లవి, సాధారణంగా మూడు చరణాలు గల ఈ రచనలు విలంబకాలంలో నడుస్తాయి. కచేరీలో ఒక్క చరణంతో పాడినా పదం ఏడెనిమిది నిమిషాలు తీసుకోవడం మామూలు. రికార్డుపై అదే పదం రావాలంటే నడక పెంచాలి, చరణాలు వదలాలి, లేదా రెండు వైపులకూ విరిచి పంచాలి.

ఇందువల్ల కలిగే నష్టం కేవలం నిడివికి సంబంధించినది కాదు. క్షేత్రయ్య పదంలో నాయిక మనసు చరణం చరణానికీ మారుతుంది. మొదటి చరణంలోని ఎత్తిపొడుపు చివరి చరణానికి వేడుకోలుగా కరగవచ్చు. ఒక్క చరణంతో ఆగిన రికార్డును విని ఆ నాయికను ఖండితగానో కలహాంతరితగానో వర్గీకరించే పరిశోధకుడు కవి నాయికను గాక రికార్డు నాయికను వర్ణిస్తున్నాడు. మరోవైపు అచ్చు పుస్తకం ఇవ్వలేనిది రికార్డు ఇస్తుంది. ఒక పదాన్ని ఆ రాగంలో ఏ సంగతితో ఎత్తుకున్నారు, ఏ అక్షరం మీద నిలిచారు, మాటను ఎక్కడ విరిచారు అన్నవి లిపికి అందని పాఠాంశాలు. కాబట్టి ముద్రిత ప్రతి, ధ్వని ప్రతి ఒకదానికొకటి సాక్షులు. ఏదీ ఒంటరిగా చాలదు.

గమనించవలసిన మరో అంశం ఉంది. మొవ్వ పేరు మోసిన ఈ పదాలు రికార్డులలో చేరింది ఎక్కువగా చెన్నపట్నపు గళాల ద్వారా. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటి సంప్రదాయం, ఆమె మనుమరాళ్ళు బృంద, ముక్త, బాలసరస్వతి పదగానానికి ప్రామాణికతను సంపాదించిపెట్టారు. డెల్టాలోని శ్రోత తన పొరుగూరి పదాన్ని కావేరి తీరపు పాఠంలో విన్నాడన్నమాట. దీన్ని పరాయి పాఠమని తోసిపుచ్చడం తగదు. అదే మూలమని స్థిరపరచడమూ తగదు. కూచిపూడి భాగవతుల పాటలోని పదసంప్రదాయంతో దీన్ని పోల్చి చూడవలసిన పని మిగిలే ఉంది.

ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది

గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. ఆయన పాడిన పుష్పవిలాపం పద్యాలు, 1974లో ఆయన మరణానంతరం వెలువడిన భగవద్గీత రికార్డు తెలుగునాట ఇంటింటికీ చేరాయి. క్యాసెట్టుగా, సీడీగా మళ్ళీ మళ్ళీ వచ్చాయి. అమ్ముడుపోయే రికార్డుకు పునర్జన్మలు ఎక్కువ. కొద్ది ప్రతులతో విడుదలై ఆగిపోయిన శాస్త్రీయ సంగీత రికార్డుకు ఆ అదృష్టం లేదు. నేడు సులభంగా దొరుకుతున్న సంగీతమే ఆనాటి సంగీతమంతా అనుకోవడం మార్కెట్టు చేసిన ఎంపికను చరిత్రగా అంగీకరించడమే.

రెండో కారణం ప్రకృతి. 78 వేగపు రికార్డు లక్కతో, ఖనిజపు పొడితో తయారైనది. చేయి జారితే పగులుతుంది, తేమకు బూజు పడుతుంది. తర్వాత వచ్చిన వినైల్ లాంగ్ ప్లే రికార్డు పగలదు గాని ఎండకు వంగిపోతుంది. ఉప్పుగాలి, ఉక్కపోత, వరద మూడూ ఉన్న తీరం రెండింటికీ శత్రువే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను, ఊళ్ళకు ఊళ్ళను తీసుకుపోయింది. మనుషులే మిగలని ఇళ్ళలో కాగితాలకూ రికార్డులకూ చోటెక్కడిది? ఈ ప్రాంతపు సేకరణలోని ఖాళీలను అభిరుచి లోపంగా లెక్కించే ముందు ఈ సంగతిని తలచుకోవాలి.

అన్వేషణ మార్గాలు

పెట్టెలు, అటకలు వెతకడంతో అన్వేషణ ముగియదు. రికార్డును కొన్నవారెవరు, వినిపించినవారెవరు అన్న ప్రశ్న నుంచి మొదలు కావాలి. స్తోమత గల రైతు కుటుంబాలు, వకీళ్ళ ఇళ్ళు, నాటక సమాజాల వారు, పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ రికార్డులు వేసిన మైకు సెట్ల వారు అనే నాలుగు వర్గాలను వేరువేరుగా పరిశీలించాలి. వకీలు ఇంట ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ దొరికే అవకాశం ఎక్కువైతే, మైకు సెట్ల వారి వద్ద నాదస్వరం దొరికే అవకాశం ఎక్కువ. రంగస్థల పద్యాల రికార్డులను శాస్త్రీయం కాదని పక్కన పెట్టరాదు. రాగాలాపనకు పేరుపడ్డ పద్యనటులు ఈ ప్రాంతపు రాగపరిచయానికి ముఖ్య సాక్షులు.

వ్యక్తిగత సేకరణల విలువకు చెన్నైలోని వి.ఎ.కె. రంగారావు రికార్డుల భాండాగారమే నిదర్శనం. ఒక సంస్థ చేయవలసిన పనిని ఒక వ్యక్తి జీవితకాలం పాటు చేసిన సందర్భమది. రికార్డు కంపెనీల జాబితాలు, 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంచికలు కూడా వెదకదగినవి. ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసుల కీర్తికి రికార్డు కంటే రేడియోయే ఆధారం కనుక ఆకాశవాణి టేపులను విడిచి కేవలం రికార్డులను లెక్కించిన సంగీత చరిత్ర ఎప్పటికీ అసమగ్రమే.

రికార్డును చదివే పద్ధతి

దొరికిన రికార్డును వినే ముందే చదవాలి. లేబులుపై ఉన్న కళాకారుని పేరు, రాగతాళాలు, కంపెనీ, విక్రయ సంఖ్య ఒక ఎత్తు. లేబులు చుట్టూ నున్నటి భాగంలో చెక్కిన మాతృకా సంఖ్య మరో ఎత్తు. ఒకే ముద్రణ వేర్వేరు లేబుళ్ళతో వెలువడినప్పుడు గుర్తింపు చూపేది ఈ రెండోదే. మైకేల్ కిన్నియర్ తొలినాటి భారతీయ రికార్డుల సూచికలను నిర్మించినది ఇలాంటి వివరాల పునాది మీదే.

తర్వాతిది వేగం. తొలినాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. 78తో ముద్రించినదాన్ని 80తో తిప్పితే శ్రుతి సుమారు 44 సెంట్లు పెరుగుతుంది; అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో సగానికి కాస్త తక్కువ. దాంతోపాటు లయా వేగమందుకుంటుంది. గాయకుని శ్రుతిని గురించి, కాలప్రమాణాన్ని గురించి తీర్పు చెప్పే వ్యాసం ఈ లెక్క చూపకపోతే ఆ తీర్పు యంత్రాన్ని గురించినదే కావచ్చు. లాంగ్ ప్లే సూదితో పాత రికార్డును వినరాదు; దాని గాడి మూడింతలు వెడల్పు. లక్క రికార్డును ఆల్కహాలుతో తుడిస్తే పైపొర కరుగుతుంది. నకలు తీసేటప్పుడు శుద్ధి చేయని ప్రతిని తప్పనిసరిగా భద్రపరచి, శుద్ధి చేసినదాన్ని వేరుగా ఉంచాలి. గరగరలతో పాటు సన్నని గమకాలనూ చెరిపేసే శుద్ధి పరిష్కరణ కాదు, ప్రక్షిప్తం.

హక్కుల విషయంలోనూ స్పష్టత అవసరం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు ప్రచురణ మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళ రక్షణ ఉంటుంది. 1950ల నాటి రికార్డులకు ఆ గడువు తీరింది. త్యాగరాజ కృతికీ క్షేత్రయ్య పదానికీ రచనాపరమైన అడ్డంకి లేదు. కరుణశ్రీ (1912–1992) పద్యాల వంటి ఆధునిక రచనల విషయంలో మాత్రం, రికార్డుపై హక్కు తీరినా రచనపై హక్కు ఇంకా నిలిచే ఉంది. ఈ తేడా తెలియక కొందరు అన్నిటినీ దాచిపెడుతున్నారు, కొందరు అన్నిటినీ పంచిపెడుతున్నారు.

ముగింపు

పెదకళ్ళేపల్లి సుసర్లవారి ఊరు మాత్రమే కాదు. అన్నమాచార్యుల రాగిరేకుల పరిష్కరణకు పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) జన్మస్థలం కూడా. రాగిరేకు మీది సాహిత్యానికి ఆయన తరం చూపిన శ్రద్ధను లక్క రేకు మీది నాదానికి ఈ తరం చూపవలసి ఉంది. రాగిరేకులు శతాబ్దాలు ఆగగలిగాయి. లక్కకు, వినైల్‌కు అంత ఓపిక లేదు. వాటిని కొన్న తరం, వాటి కథ చెప్పగల తరం వెళ్ళిపోతున్నాయి. డెల్టాలోని కళాశాలల తెలుగు, సంగీత శాఖలు కలిసి మండలాల వారీగా రికార్డుల వివరపట్టికను తయారు చేయడం పెద్ద నిధులు కోరని పని. రికార్డు యజమాని ఇంటనే ఉండవచ్చు. దాని సంఖ్య, స్థితి, నకలు పరిశోధకునికి అందితే చాలు. ఆ పట్టిక వచ్చేవరకు ఈ ప్రాంతపు సంగీత పరంపరను గురించి చేసే నిర్ధారణలను విన్న సాక్ష్యంగా గాక, విన్నవారు చెప్పిన సాక్ష్యంగా మాత్రమే పరిగణించాలి.