డేల్ తీర్పులో వ్యంగ్యార్థ నిర్ణయం: విమర్శనాత్మక పరిశీలన

సంఘాలలో గే వ్యక్తుల సభ్యత్వానికి సంబంధించిన అమెరికా తీర్పులలో ‘బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా - డేల్’ (2000) ప్రధానమైనది. న్యూజెర్సీలో సహాయ స్కౌట్ మాస్టర్‌గా ఉన్న జేమ్స్ డేల్ తాను గే అన్న సంగతి ఒక పత్రికా కథనం ద్వారా వెల్లడి కావడంతో 1990లో సభ్యత్వం కోల్పోయాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1999లో వివక్షా నిషేధ చట్టం ప్రకారం అతని పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో దానిని కొట్టివేసింది.

వివాదానికి మూలం రెండు మాటలు: స్కౌట్ ప్రతిజ్ఞలోని నైతిక ఋజువర్తన, స్కౌట్ నియమంలోని శుచిత్వం. వీటి వాచ్యార్థంలో లైంగికత ప్రస్తావన లేదని భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి స్టీవెన్స్ ఎత్తిచూపారు. స్వలింగ లైంగికత పట్ల వ్యతిరేకత వాటిలో వ్యంగ్యంగా ఉందని సంస్థ వాదన. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన ఆధిక్య తీర్పు సంస్థ భావమేమిటన్న విషయంలోనూ, ఆ భావానికి ఏది భంగకరమన్న విషయంలోనూ సంస్థ మాటకే మన్నన ఇచ్చింది.

మొదటి మన్నన సమంజసమే. సంఘాల విశ్వాసాలను న్యాయస్థానాలు నిర్ణయించడం మొదలైతే గే హక్కుల సంఘాలకూ రక్షణ ఉండదు. రెండవదే చర్చనీయం. వ్యంజనకు వక్తతో పాటు బోద్ధవ్యుడు, ప్రస్తావం, దేశకాలాలు కూడా హేతువులని మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. డేల్ దళంలో ఉంటే లోకం ఏమి గ్రహిస్తుందన్నది బోద్ధవ్యునికి సంబంధించిన ప్రశ్న. అందుకు వక్త మాట ఒక్కటే ప్రమాణం కాజాలదు. స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇస్తే తమ సందేశం మారుతుందని జేసీస్ సంస్థ వాదించినప్పుడు, 1984లో ఇదే న్యాయస్థానం ఆధారం లేదంటూ ఆ వాదనను తిరస్కరించింది. డేల్ విషయంలో ఆ పరీక్ష సడలింది. అతని మాటను కాక అతని ఉనికినే తీర్పు ఒక ప్రకటనగా చదివింది. ఉనికే ప్రకటన అయినప్పుడు వివక్షకు గురైన వ్యక్తి ఎంత మౌనంగా ఉన్నా ఫలితం ఉండదు.

సంస్థ 2013లో బాలసభ్యుల విషయంలోనూ, 2015లో వయోజన నాయకుల విషయంలోనూ నిషేధాన్ని తొలగించింది. ప్రతిజ్ఞలోనూ నియమంలోనూ ఆ రెండు మాటలు అలాగే నిలిచాయి. కనుక ఆ వ్యతిరేకత పదాలలో లేదు, నాటి వక్త ఉద్దేశంలో ఉంది. ఆ ఉద్దేశం మారింది. అయితే దాన్ని మార్చినది సంస్థ స్వీయ నిర్ణయమే కాని న్యాయస్థానం కాదు. వక్త మాటనే తుది ప్రమాణంగా గ్రహించిన తీర్పు నేటికీ చెల్లుబాటులోనే ఉంది.