పెళ్లికి వెళ్లే సంచి

ఏ ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టినా నా కళ్లు ముందు బాత్రూముల్ని వెతుకుతాయి. ఏ పక్కనున్నాయి, మెట్లు దిగాలా, కమోడ్ ఉందా, తలుపు గడియ పడుతుందా, లోపల చెత్తబుట్ట పెట్టారా. ఇవి తేలాకే మండపం, పెళ్లికూతురి జడ, వంటల వాసన. గుమ్మంలో పన్నీరు చల్లే పిల్లలు నేను మండపం వదిలేసి అటు పోతుంటే వింతగా చూస్తారు. చూడనీ. ఆ రెండు నిమిషాల పని కానిచ్చుకుంటే అప్పగింతల దాకా నిశ్చింతగా కూర్చోగలను.

మూత్రం ఆగని మనిషి రోజంతా బయట గడపడం ఒక విద్య. దాన్ని ఎవరూ నేర్పరు. మా అమ్మ తరంలో నేర్చుకునే పని కూడా పెట్టుకోలేదు. ఫలానా పిన్ని పెళ్లిళ్లకి రావడం మానేసిందని, ఫలానా పెద్దమ్మకి ప్రయాణాలు పడవని చెప్పుకునేవాళ్లం. వాళ్లకి పడనిది ఏమిటో ఇప్పుడు నాకు తెలుస్తోంది.

తుమ్మినా, దగ్గినా, పడీపడీ నవ్వినా చుక్కలు పడేవాళ్లు కొందరు. వచ్చిందంటే క్షణం ఆగనివాళ్లు కొందరు. ఈ రెండోరకం వాళ్లకి కొళాయి చప్పుడు విన్నా, ఇంటికొచ్చి తాళంచెవి తిప్పుతున్నా సరే, అంతసేపు ఆగింది ఇక ఆగదు. నాకు రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. కాన్పులు, ముట్లుడగడం, ఒళ్లు పెరగడం, షుగరు, తీరని మలబద్ధకం, కారణాలకేం కొదవ లేదు. గర్భసంచి తీయించుకున్నవాళ్లకి తర్వాత తర్వాత ఈ బాధ వచ్చే అవకాశం ఎక్కువని డాక్టర్లంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆ ఆపరేషన్ ఎక్కువగా చేయించుకున్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ముందు వరసలోనే ఉన్నాయి. అయినా నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే మోకాళ్ల నొప్పుల గురించి గంటసేపు మాట్లాడుకుంటాం గానీ దీని ఊసెత్తం.

ఊసెత్తకుండా అందరూ చేసేది ఒక్కటే, నీళ్లు మానేయడం. మా తోటికోడలు ముందురోజు రాత్రి నుంచే నిర్జల ఉపవాసం మొదలుపెట్టేది. బెజవాడ ఎండల్లో, వైశాఖమాసం ముహూర్తానికి, పట్టుచీర కట్టుకుని! మధ్యాహ్నానికి తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోవడం, మర్నాటికి మంట. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. పైగా మలబద్ధకం తోడై అటునుంచి అది నొక్కుతుంది. తాగకపోతే రాదనుకున్నది ఇంకా తొందరగా వస్తుంది. ఆ పొద్దున మానాల్సింది కాఫీ, టీ. నీళ్లు మాత్రం గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉండాలి. ఒకేసారి చెంబెడు దించకుండా ఉంటే చాలు. ఫిల్టర్ కాఫీ లేకుండా ముహూర్తం చూడటం నాకు ప్యాడ్ కట్టుకోవడం కంటే పెద్ద శిక్షని ఒప్పుకుంటాను.

మందుల సంగతీ చూసుకోవాలి. ఒంట్లో నీరు లాగే మాత్ర, ఫ్యూరోసెమైడ్ లాంటిది, వేసుకున్న గంటలో పని మొదలుపెట్టి ఆరు గంటల దాకా నడుస్తుంది. షుగరుకి ఇచ్చే కొన్ని కొత్త మాత్రలు చక్కెరని మూత్రంలోకే పంపిస్తాయి, దాంతో పాటు నీళ్లూ పోతాయి. ప్రయాణం రోజున ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్ని అడిగితే చెబుతారు. అడక్కుండా మన ఇష్టానికి మానేయడం మాత్రం చెయ్యకూడదు.

ఇక సంచి. మెడలో ఏం వేసుకోవాలో తేలకపోయినా ఈ సంచి మాత్రం ముందురోజు రాత్రే సర్దుతాను. అందులో ప్యాడ్లు, ఒక ప్యాంటు రకం డైపరు, ముదురు రంగు లంగా, మెత్తని పాత నూలుగుడ్డ, మూత గట్టిగా పట్టే చిన్న నీళ్ల సీసా, పాత పేపరు, నల్ల కవర్లు, పిన్నీసులు, పది రూపాయల నోట్లు ఉంటాయి. నోట్లు దేనికంటే, సులభ్ కాంప్లెక్స్ దగ్గర కూర్చున్నాయన చిల్లర లేదనే సమయానికి మనకి వాదించే ఓపిక ఉండదు. సంచికి భుజానికి తగిలించుకునే పొడుగు పట్టీ తప్పనిసరి. మన బాత్రూముల్లో తలుపుకి కొక్కెం ఉండటం అదృష్టం కింద లెక్క, నేల ఎప్పుడూ తడే. సంచి మెడలోనే ఉండాలి.

ప్యాడ్ల విషయంలో చాలామంది నెలసరికి వాడేవే చాలనుకుంటారు. చాలవు. అవి మెల్లగా వచ్చే రక్తానికి చేసినవి. మూత్రం ఒక్కసారిగా వస్తుంది, అవి పీల్చుకునేలోపే పక్కలకి పోతుంది. దీనికోసం చేసినవాటిలో సోడియం పాలియాక్రిలేట్ అనే పొడి ఉంటుంది. అది తన బరువుకి ఎన్నో రెట్ల తడిని పీల్చి జిగురుముద్దలా మారుతుంది, మనం కుర్చీలో కూర్చుని నొక్కినా తిరిగి వదలదు. సైజు నడుము కొలతని బట్టి తీసుకోవాలి. పెద్దది వేసుకుంటే ఎక్కువ పీలుస్తుందనుకుంటారు గానీ, తొడల దగ్గర వదులైతే కారిపోతుంది. మందుల షాపులో అడగటానికి మొహమాటం ఉంటుందని తెలుసు. ఆ కుర్రాడు అడక్కుండానే పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇస్తాడు, అదేదో మనం దొంగసరుకు కొన్నట్టు. నేనిప్పుడు మామూలు కవర్లో వెయ్యమంటున్నాను. ఖర్చు కూడా తక్కువేం కాదు. శానిటరీ ప్యాడ్ల మీద జీఎస్టీ 2018లోనే ఎత్తేశారు. పెద్దల డైపర్ల మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో అది 5కి దిగింది. ముసలాళ్ల సంగతి అందరికంటే వెనక గుర్తుకొస్తుందనడానికి ఇదొక ఉదాహరణ.

చీరతో మార్చుకోవడం ఎలాగో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి చెబుతాను. పమిట చెంగు మెడచుట్టూ తిప్పి ముందుకి దోపుకోవాలి. కుచ్చిళ్లు విప్పొద్దు. లంగాతో సహా మొత్తం చుట్టి నడుం దగ్గర ఒక పిన్నీసు పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ప్యాంటు రకం డైపరుకి రెండు పక్కలా అతుకు ఉంటుంది. దాన్ని చింపితే తడిసినది కాళ్లమీంచి లాగే పని లేకుండా ఊడొస్తుంది. కొత్తది వేసుకోవడానికి మాత్రం చెప్పు విప్పి పాదం ఎత్తాలి. అందుకే గోడ పట్టుకోవడానికి వీలున్న గది వెతుక్కోవడం. కడుక్కుని, గుడ్డతో రుద్దకుండా అద్దుకోవాలి. వాసన వస్తుందేమోనన్న భయం ఉన్నవాళ్లు సెంటు కొట్టుకోవడం కంటే త్వరగా మార్చుకోవడం మంచిది. మూత్రంలోని యూరియాని సూక్ష్మజీవులు విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది, ఆ ఘాటు దానిదే. అప్పుడే వచ్చినదానికి అంత వాసన ఉండదు. చర్మం ఒరిసిపోవడం కూడా తడి నిలవుంటేనే. చీర నూలుదైతే, చిన్న పువ్వుల అచ్చుదైతే, ఏదన్నా జరిగినా కనబడదు. పట్టుచీర మీద నాకు మమకారం చాలానే ఉంది, అయినా నా ఓటు ముదురు రంగు అంచున్న వెంకటగిరి నూలుకే.

ఇన్ని సామాన్లున్నా అన్నిటికంటే పనికొచ్చేది విషయం తెలిసిన ఒక్క మనిషి. నాకు మా తోటికోడలు. ఇద్దరిదీ ఒకటే బాధని తెలియడానికి మాకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు "నా కళ్లజోడు కారులో మర్చిపోయానే" అన్నానంటే తను లేచి నాతో వస్తుంది, బాత్రూం తలుపు దగ్గర కాపలా నిలబడుతుంది. బయటికొచ్చాక ఒకరి వెనక ఒకరం చీర చూసుకుంటాం. భోజనాల బంతిలో నడవ పక్క కుర్చీలు మావి. ఇవన్నీ దాచుకుంటూ ఒక్కదాన్నే చేసిన రోజుల్లో పెళ్లిలో ఏం జరిగిందో ఇంటికొచ్చాక ఎవరన్నా చెబితే తెలిసేది.

తిరుమల అనుకున్నప్పుడు మాత్రం తను మొండికేసింది.

"కంపార్ట్‌మెంట్లలో బాత్రూములుంటాయక్కా, తెలుసు. అక్కణ్ణుంచి లైను కదిలాక ఎట్టా?"

"డైపరు వేసుకురా."

"అది వేసుకుని స్వామి ముందు నిలబడనా? మైల కాదూ?"

"ఒంట్లో మోసుకెళ్లినంతసేపు మైల కానిది, ప్యాడ్‌లో పడితే మైలెట్టా అయిందే?"

"నీయన్నీ లాయరు మాటలు," అంది. అని వచ్చింది. అరవై అయిదు దాటినవాళ్లకి వేరే దర్శనం ఉంది గానీ తనకింకా ఆ వయసు రాలేదు, అదొక్కటే గొణుక్కుంది.

బస్సులు వేరే కథ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో టిక్కెట్టు లేదు. మంచిదే. అయితే మాలాంటివాళ్లం టిక్కెట్టు డబ్బులకంటే ఎక్కువగా లెక్క వేసుకునేది బస్సు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతుందన్నది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే నాకు రైలే హాయి, అందులోనూ పెట్టె చివర, నడవ పక్క సీటు. బస్సు తప్పకపోతే ఎక్కేముందు వెళ్లడం, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించడం అలవాటు చేసుకున్నాను. రెండోసారి కూడా కొంచెం వస్తుంది. డ్రైవరు వెనక వరసలో కూర్చుని కండక్టరుతో "బాబూ, నాకు షుగరు" అని ముందే చెబుతాను. షుగరంటే మన రాష్ట్రాల్లో ఎవరైనా బస్సు ఆపుతారు. అసలు కారణం చెప్పినా ఆపుతారేమో, అంత ధైర్యం ఇంకా రాలేదు.

ఉన్నట్టుండి ముంచుకొచ్చినప్పుడు పరిగెత్తకూడదు. పరిగెడితే పొత్తికడుపు మీద ఒత్తిడి పెరిగి దారిలోనే అయిపోతుంది. ఉన్నచోటే ఆగి, వీలుంటే కూర్చుని, కింది కండరాల్ని నాలుగైదుసార్లు చకచకా బిగబట్టి వదలాలి. ఆ ఉద్ధృతి అలలా వచ్చి తగ్గుతుంది, తగ్గాక మామూలుగా నడిచి వెళ్లాలి. ఈ కండరాల వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు ప్రచారంలోకి తెచ్చాడు. నులకమంచం సాగిపోతే కాళ్లవైపు తాడు లాగి బిగించేవాళ్లం, గుర్తుందా? ఇదీ అంతే, ఒక్కసారి బిగిస్తే సరిపోదు, నెలల తరబడి చేస్తూ ఉండాలి. దగ్గేముందు, తుమ్మేముందు ఒక్క క్షణం బిగబట్టడం వేరే కిటుకు. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1998లో దాన్ని పరీక్షించి, దగ్గినప్పుడు పోయేది తగ్గుతోందని తేల్చారు. తుమ్ము వచ్చేముందు తెలుస్తుంది కాబట్టి సరే. మా మేనమామ పెళ్లిపందిట్లో వేసే జోకులు ఎప్పుడు పడతాయో ముందు తెలియదు, ఆయన పక్కన మాత్రం కూర్చోను.

మంట, జ్వరం, ఎర్రగా రావడం, ఉన్నపళంగా మొదలవడం, కాళ్లు తిమ్మిరెక్కడం ఉంటే కిటుకులతో కాలం గడపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇది వయసుతో వచ్చేదే, ఊరుకో అన్న డాక్టర్ని మార్చాలి.

ఇది ఆడవాళ్ల గోల అనుకుని పేజీ తిప్పబోతున్న మగవాళ్లకి ఒక మాట. మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత సాయంత్రం పార్కుకి రావడం మానేశారు. ఆయన భార్య నాకు చెప్పింది, ఆయన చెప్పలేదు. ఆడవాళ్లకి నెలసరి రోజులనుంచీ ప్యాడ్ మోసుకెళ్లడం, చుట్టడం, పారెయ్యడం చేతికి అలవాటే. మగవాళ్లకి అరవై అయిదో ఏట అంతా కొత్త. ప్యాంటు విప్పకుండా డైపరు మార్చలేరు, లోపల పెట్టుకునే ప్యాడ్లయితే కాస్త నయం. ఆ తర్వాత దాన్ని ఎక్కడ పడెయ్యాలి? ఆడవాళ్ల బాత్రూముల్లోనైనా అక్కడక్కడా బుట్ట కనిపిస్తుంది, మగవాళ్లవైపు ఆ ఊసే ఉండదు. వాడినవాటిని కాగితంలో చుట్టి పొడిచెత్తలో వెయ్యాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. బుట్టే లేని గదిలో మాస్టారు దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి రావాలి, లేదా పార్కు మానెయ్యాలి. ఆయన రెండోది ఎంచుకున్నారు.

ఈ కార్తీకంలో మా కాలనీ వనభోజనాలు ఊరవతల ఉసిరితోటలో. తోటలో బాత్రూం లేదు. చందా అడగటానికి వచ్చినవాళ్లతో, మొబైల్ టాయిలెట్ అద్దెకి తెస్తేనే ఇస్తానని చెప్పాను.

"పోయినేడు అది లేకుండానే గడిచిందిగా పిన్నిగారూ," అన్నాడు కార్యదర్శి కుర్రాడు.

"గడిచింది నాయనా. మేం పులిహోర తినకుండానే ఆటో ఎక్కి వచ్చేశాం."

తర్వాత కాలనీ మీటింగులో ఈ మాట వస్తే ఎవరూ కారణం అడగలేదు. అరవై దాటిన చేతులే ముందు లేచాయి. మాస్టారు అయిదొందలు తీసిచ్చి, "లోపల మూతున్న బుట్ట కూడా పెట్టించండి," అన్నారు, ఎటో చూస్తూ. బండి మాట్లాడారు, బుట్ట కొన్నారు. ఇక మిగిలిన తగువల్లా బండిని గాడిపొయ్యికి ఎంత దూరంలో నిలబెట్టాలన్నదే. వంటవాళ్లు తోట ఆ చివర పెట్టమంటున్నారు, మేం నడవగలిగినంత దూరంలో ఉండాలంటున్నాం.