ధమని గోడకు మందు: ఒక పరిశోధనపై విమర్శ

గుండెపోటు పట్టణవాసుల వ్యాధి అను అభిప్రాయము మన పల్లెలలో ఇంకను పోలేదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో సంభవించిన మరణములను పరిశీలించి 2006 లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, వానిలో నూటికి 32 రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన వ్యాధుల వలన కలిగినవే. కావున ధమనుల వ్యాధికి క్రొత్త చికిత్స వచ్చుచున్నదనగానే జనులు ఆశపడుట సహజము. ఆ ఆశకు ఆధారమెంతయో తూచి చెప్పుట విజ్ఞాన రచయితల బాధ్యత.

2021 లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన యున్ ఫాంగ్, మాథ్యూ టిరెల్ బృందము ప్రకటించిన పరిశోధన ఇట్టి ఆశను రేకెత్తించినది. దాని మూలసూత్రము మన రైతులకు సులభముగా బోధపడును. 1931 లో పూర్తియైన నిజాంసాగర్ కాలువల క్రింద సేద్యము చేయు మోస్రా, వర్ని, బోధన్ ప్రాంతములవారు ఎరిగినదే: నీరు తిన్నగా పారు చోటికంటె, వంపు తిరుగు చోట, పాయలు చీలు చోట ఒండ్రు ఎక్కువగా మేటవేయును. ధమనులలో క్రొవ్వు పేరుకొనుటయు సాధారణముగా అట్టి తావులందే.

అయితే పోలిక అంతవరకే. కాలువగట్టు నిర్జీవము, ధమని లోపలిపొర సజీవకణముల కూర్పు. ప్రవాహము కలతచెందిన చోట ఆ కణములలో మిర్-92ఎ అను చిన్న ఆర్.ఎన్.ఎ. హెచ్చి, గోడను కాపాడు జన్యువుల పనిని అణచివేయును. పరిశోధకులు ఈ మిర్-92ఎ ను నిరోధించు పదార్థమును అతిసూక్ష్మమైన కణికలలో ఇమిడ్చిరి. ఈ కణికలను కొలుచుటకు వాడు నానోమీటరు మీటరులో నూరుకోట్లవ వంతు. వాపు చెందిన లోపలిపొరపై కనిపించు వి.సి.ఎ.ఎమ్.-1 అను ప్రోటీనును గుర్తుపట్టు తునకను ఆ కణికలకు తగిలించిరి. చిట్టెలుకలలో క్రొవ్వుమేట తగ్గినది. నాళము ఇరుకగుటయు తగ్గినది.

ఈ కృషిలోని గొప్పతనము స్పష్టము. స్టాటిన్ మాత్రలు ముఖ్యముగా రక్తములోని కొలెస్టరాలును తగ్గించును. ఈ పద్ధతి జబ్బుపడిన గోడనే వెదకికొని పోవును. కాని దీనిని వర్ణించువారు "నానో" అను మాటకే మురిసిపోవుట తగదు. యూరప్‌లో 2020 లోను, అమెరికాలో 2021 లోను అనుమతి పొందిన ఇన్‌క్లిసిరాన్ కూడ జన్యువు పనిని నియంత్రించు మందే. మొదటి మోతాదుల తరువాత ఆరునెలలకొక సూదితో చెడు కొలెస్టరాలును సుమారు సగమునకు దించును. దానిలో నానోకణిక లేదు. ఒక జాతి చక్కెర తోకయే దానిని కాలేయమునకు చేర్చును. 2018 లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ అను నాడీవ్యాధి మందులో నానోకణిక ఉన్నది. అదియు చేరునది కాలేయమునకే. అనగా ముఖ్యమైనది సంచి కాదు, చిరునామా. కాలేయమును దాటి ధమని గోడకు చాలినంత మందును చేర్చుటయే అసలు పరీక్ష.

ఆ చిరునామాయందును సందేహమున్నది. వి.సి.ఎ.ఎమ్.-1 ధమనులకే పరిమితము కాదు. శరీరములో వాపున్న ఇతర స్థలములందును కనిపించును. ఒక్కొక్క మైక్రో ఆర్.ఎన్.ఎ. అనేక జన్యువులను శాసించును గనుక, దానిని కదలించిన కోరని మార్పులును రావచ్చును. కాన్సరునకై కణికలలో ఇమిడ్చి ఇచ్చిన ఎమ్.ఆర్.ఎక్స్.34 అను మైక్రో ఆర్.ఎన్.ఎ. మందు పరీక్షను, రోగనిరోధక శక్తి వికటించిన కారణమున 2016 లో నిలిపివేసిరి. పైగా ధమనుల వ్యాధి పదుల సంవత్సరములు సాగునది. చిట్టెలుకకు కొన్నివారములు మేలుచేసినది మనుష్యునకు ఏండ్ల తరబడి హాని చేయదని చెప్పుటకు అది చాలదు.

ఇట్టి విద్య మనకు అందరానిది కాదు. హైదరాబాదులోని సి.సి.ఎమ్.బి. 2022 లో స్వదేశీ ఎమ్.ఆర్.ఎన్.ఎ. టీకా పద్ధతిని ప్రకటించినది. కావున మన శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్నలు వేయవలెను: గోడకు చేరినదెంత, కాలేయమున చిక్కినదెంత, సూది ఎన్ని నెలలకొకటి, ఖరీదు ఎవరు భరింతురు? వీనికి జవాబు వచ్చువరకు రోగులు క్రొత్త సూది రానున్నదని వైద్యుడిచ్చిన మాత్రలను మానరాదు. బీడీ మానుట, రక్తపుపోటును అదుపులో నుంచుకొనుట నేడే చేయదగిన పనులు.