ఎనిమిది మెనూలు, ఒక ఫోన్ నంబరు

2013 జనవరిలో అమెరికాలోని పాలో ఆల్టోలో నలుగురు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఒక వెబ్ పేజీ కట్టారు. పేరు ‘పాలో ఆల్టో డెలివరీ’. అందులో ఉన్నవి ఊళ్లోని ఎనిమిది రెస్టారెంట్ల మెనూలు, అవీ పీడీఎఫ్‌లు. వాటితో పాటు ఒక ఫోన్ నంబరు. అంతే. లాగిన్ లేదు, యాప్ లేదు, కార్డు నంబరు కొట్టడానికి చోటు కూడా లేదు. ఒక్క మధ్యాహ్నంలో ముగించిన పని. టోనీ షూ, స్టాన్లీ టాంగ్, ఆండీ ఫాంగ్, ఇవాన్ మూర్ చేసిన ఆ పేజీయే తర్వాత ఫుడ్ డెలివరీ కంపెనీ డోర్‌డాష్ అయింది. ఆ కంపెనీ ఎంత పెద్దదయిందన్న సంగతి అలా ఉంచుదాం. ఆ పేజీలో ఏమేం లేవో చూడండి, పనితనమంతా అక్కడే ఉంది. అందులో లేని ప్రతిదాని వెనకా ‘ఇది ఇప్పుడే తెలియనక్కర్లేదు’ అన్న ఒక నిర్ణయం ఉంది.

నిజానికి గిరాకీ ఉందా అన్న పరీక్ష అంతకుముందే మొదలైంది. 2012 చివర్లో వాళ్ల మనసులో ఫుడ్ డెలివరీ లేనే లేదు. చిన్న దుకాణాలవాళ్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా చేద్దామని వీధివెంట తిరుగుతూ, మకరోన్లనే ఫ్రెంచి మిఠాయిలమ్మే ఒక దుకాణానికి వెళ్లారు. మాటలన్నీ అయిపోయి లేవబోయే వేళకు అక్కడి మేనేజరు ఒక లావుపాటి పుస్తకం తీసి ముందు పెట్టింది. పేజీలకు పేజీలు డెలివరీ ఆర్డర్లు. తీసుకెళ్లి ఇచ్చే మనిషి లేక ఆమె వాటిని తీర్చలేకపోతోంది.

‘మీకు డెలివరీ సాయం కావాలా’ అని అడిగి ఉంటే ఎవరైనా కావాలనే అంటారు. మొహమాటానికి అనే మాటకు ఖర్చు లేదు. ఆ పుస్తకం అలాంటిది కాదు. వీళ్లెవరో తెలియకముందే, వీళ్ల ప్రశ్నతో పని లేకుండా, రోజూ పోతున్న బేరం కాగితం మీద పేరుకుంది. వ్యాపారంలో సాక్ష్యమంటే అలా ఉండాలి. అయినా వాళ్లు ఆ ఒక్క దుకాణాన్ని నమ్ముకుని ఊరుకోలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, బజారుకి ఆ సూత్రం పనికిరాదు. మరో వందకు పైగా దుకాణాలు తిరిగారు. డెలివరీ తలనొప్పన్న మాట మళ్లీ మళ్లీ వినిపించింది.

దాంతో అమ్మేవాడి అవసరం తేలింది. తినేవాడు ఫోన్ చేస్తాడా, చేసి డబ్బిస్తాడా అన్నది మిగిలింది. ఎనిమిది మెనూల పేజీ ఆ మిగిలిన సగం కోసం పెట్టినది.

నంబరు గూగుల్ వాయిస్ అనే ఫోన్ సేవది. పేజీ పెట్టిన రోజే అది మోగింది. అవతల ఉన్నది స్నేహితుడో క్లాస్‌మేటో కాదు, ముక్కూమొహం తెలియని మనిషి. అతనికి థాయ్ భోజనం కావాలి. ఫోన్ ఎత్తినవాళ్లే కారేసుకుని వెళ్లి, పార్సిల్ తెచ్చి అందించారు. ఆ తర్వాత ఆర్డర్లు పెరిగినా పద్ధతి అదే. డబ్బు తీసుకోవడానికి స్క్వేర్. ఏ ఆర్డరు ఎంతవరకు వచ్చిందో రాసుకోవడానికి గూగుల్ డాక్స్. డ్రైవరు ఏ వీధిలో ఉన్నాడో తెలియడానికి, అప్పట్లో ఐఫోన్‌లో స్నేహితుల జాడ చూపిన ‘ఫైండ్ మై ఫ్రెండ్స్’. సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్ దాదాపు సున్నా. పగలు క్లాసులు, ఆ సందుల్లోనే ఆర్డర్లు.

పైకి చూస్తే అంతా అతుకుల పని. కానీ ఆ అతుకులే వాళ్లకు పాఠం చెప్పాయి. చేత్తో డ్రైవర్లను పంపిస్తే ఎవరిని ఎటు పంపాలో, ఏ రెండు ఆర్డర్లు కలపవచ్చో మనిషి బుర్రకే ముందు ఎక్కుతుంది. తర్వాత రాయబోయే ప్రోగ్రాముకు అదే చిత్తుప్రతి. స్టాన్లీ టాంగ్ 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఇదే చెప్పాడు: డెలివరీ పని లోతు తెలిసింది తామే డ్రైవర్లుగా తిరగడం వల్లనట. రాత్రి పొద్దుపోయాక కూర్చుని, కొత్తగా ఆర్డరిచ్చిన వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా ఈమెయిల్ రాసేవాళ్లు, భోజనం ఎలా ఉంది, వేళకు అందిందా అని.

ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ధర. డెలివరీకి 6 డాలర్లు పెట్టారు. చదువుకునే పిల్లలు, సరదాగా మొదలుపెట్టిన పని, కొన్నాళ్లు ఉచితంగా ఇస్తే ఆర్డర్లు వెల్లువెత్తేవి. కానీ అప్పుడు తేలేది జనానికి ఉచితం ఇష్టమన్న సంగతి. అది కొత్తగా కనుక్కోవాల్సింది కాదు. ఆరు డాలర్లు పెట్టాక మోగిన ఫోన్ ఒకటైనా దానికి విలువుంది. మన దగ్గర కూపన్లు కుమ్మరించి, వచ్చిన ఆర్డర్ల గ్రాఫు చూపించి ‘గిరాకీ రుజువైంది’ అనే కుర్ర కంపెనీలు ఈ ఒక్క అంశం దగ్గర కాసేపు ఆగాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ వెబ్‌వాన్. ఇంటికి కిరాణా సరుకులు చేర్చే కంపెనీ. 1999లో నిర్మాణ సంస్థ బెక్టెల్‌తో 100 కోట్ల డాలర్ల గోదాముల ఒప్పందం చేసుకుంది. ఒక్క నగరంలోనైనా లెక్క కుదురుతుందో లేదో తేలకముందే 26 గోదాముల పథకం. 2001 జులైలో దివాలా తీసింది.

మనకు దగ్గర కథ స్విగ్గీది. విజయవాడ కుర్రాడు శ్రీహర్ష మాజేటి, బిట్స్ పిలానీలో తనతో చదివిన నందన్ రెడ్డి కలిసి ముందు ‘బండిల్’ పెట్టారు. ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారులను కొరియర్ సంస్థలతో కలిపే పని అది. నిలబడదని తేలాక మూసేశారు. ఆ తర్వాత రాహుల్ జైమిని తోడయ్యాడు. 2014 ఆగస్టులో బెంగళూరు కోరమంగలలో స్విగ్గీ మొదలైంది. ఒక్క పేట, గుప్పెడు రెస్టారెంట్లు. ఇక్కడ పరీక్షకు పెట్టిన ఊహ వేరు. హోటళ్లు ఇంటికి పార్సిల్ పంపడం మనకు కొత్త కాదు. అయితే ఇంత మొత్తానికి ఆర్డరిస్తేనే పంపుతామనేవాళ్లు, పంపేది వాళ్ల కుర్రాడికి తీరికైనప్పుడు. స్విగ్గీ కనీస ఆర్డరు షరతు తీసేసి, తన సొంత డెలివరీ మనుషులను పెట్టుకుంది. మొదటి రోజు ఒక్క ఆర్డరూ రాలేదు. మర్నాడు రెండు వచ్చాయి. పాలో ఆల్టోలో లాగా ఫోన్ వెంటనే మోగకపోతే ఎన్నాళ్లు చూడాలి, ఎక్కడ ‘ఇక చాలు’ అనుకోవాలి? దీనికి లెక్క ముందే వేసుకోకపోతే సున్నాకు కూడా సాకు దొరుకుతుంది, రెండుకు కూడా సంబరం దొరుకుతుంది.

పాలో ఆల్టో పేజీ అడగని ప్రశ్నలూ ఉన్నాయి. రెస్టారెంటు ఒప్పుకుందా అన్నది ఒకటి. మెనూ దొరికితే చాలు, పెట్టేయవచ్చన్న అలవాటు డెలివరీ రంగమంతటా పాకింది. తమను అడక్కుండా తమ పేరు యాప్‌లో పెట్టారని హోటళ్లవాళ్లు గొడవపెట్టారు. చివరికి ఒప్పందం లేకుండా చేర్చకూడదని కాలిఫోర్నియా చట్టమే చేసింది, 2021 నుంచి అమలు. రెండోది కూలి. నలుగురు విద్యార్థులు తమ కార్లలో తామే తిరిగినన్నాళ్లు డ్రైవరుకు గంటకు ఎంత పడుతుందన్నది లెక్కలోకి రాదు. ఆరు డాలర్లలో ఆ ఖర్చు ఇమిడిందా అన్నది ఆ పేజీ చెప్పలేదు, చెప్పడానికి పెట్టిందీ కాదు. ఆ లెక్క తేలడానికి ఏళ్లు పట్టింది. 2019లో డోర్‌డాష్ ఆదాయం 88.5 కోట్ల డాలర్లు, నష్టం 66.7 కోట్ల డాలర్లు. పూర్తి ఏడాదికి లాభం మొదటిసారి కనిపించింది 2024లో.